సీనియర్లు సాయం చేయని టీమ్‌లో కొత్త ఇంజనీరు పని నేర్చుకోవడం ఎలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. హైదరాబాద్‌లోని ఒక సర్వీస్ కంపెనీలో జావా, స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టులో చేరి మీకు ఎనిమిది నెలలైంది. కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే పాతవారు కొత్తవారికి పని వివరించడం) పేరుతో రెండు పాత రికార్డింగులు చేతికిచ్చి వదిలేశారు. సీనియర్లకు మెసేజ్ పెడితే సాయంత్రం దాకా జవాబు రాదు, వచ్చినా ‘డాక్యుమెంట్ చూడు’ అన్న ఒక్క ముక్కే వస్తుంది. లీడ్ మాత్రం స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగులో) టికెట్, అంటే మీకు అప్పగించిన పని, ఇంకా ఎందుకు పూర్తి కాలేదని అందరి ముందూ అడుగుతారు. ఇలాంటి చోట నేర్చుకోవడం సాధ్యమేనా, లేక రాజీనామా చేసి మరో చోటు చూసుకోవాలా అన్నది మీ సందేహం.

సాధ్యమే, అయితే ఒక హద్దు వరకు. ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకోవాలంటే మీకున్న ప్రశ్నలను రెండుగా విడదీయడం ముందు అలవాటు కావాలి. ‘ఈ ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తోంది’, ‘ఈ టేబుల్‌లోకి ఎవరు రాస్తున్నారు’, ‘ఈ క్వెరీ ఎందుకు నెమ్మదిగా నడుస్తోంది’ వంటివి మొదటి రకం. వీటి జవాబు కోడ్‌లో, లాగ్‌లో, డేటాబేస్‌లో, గిట్ (కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ దాచి ఉంచే సాధనం) చరిత్రలో ఉంటుంది, ఓపిక ఉన్నవారికి దొరుకుతుంది. ‘దీన్ని ఇలాగే ఎందుకు కట్టారు’, ‘ఇది మారిస్తే ఏ క్లయింట్ ఇబ్బంది పడతారు’ వంటివి రెండో రకం. వీటి జవాబు మనుషుల తలల్లో తప్ప మరెక్కడా ఉండదు. సాయం దొరకని టీమ్‌లో కొత్తవారు నలిగిపోయేది చాలావరకు మొదటి రకం ప్రశ్నలతో మనుషుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ ఓపికంతా అక్కడే ఖర్చయ్యాక, రెండో రకం ప్రశ్న అడగడానికి మొహం చెల్లక ఊరుకోవడం వల్ల. అడగనిదే అమ్మయినా పెట్టదన్నది నిజమే, కాని ఆఫీసులో అడిగే అవకాశాలు పరిమితంగా ఉంటాయి కాబట్టి వాటిని రెండో రకానికే దాచుకోవాలి.

మీ సీనియర్ల సంగతి కూడా కొంత చెప్పాలి. సర్వీస్ కంపెనీల్లో సీనియర్ గంటలు క్లయింట్‌కు బిల్లవుతాయి, మీకు నేర్పడానికి వెచ్చించిన గంటకు టైమ్‌షీట్‌లో చోటుండదు. రాత్రి అమెరికా కాల్ ముగించుకుని పొద్దున్నే స్టాండప్‌కు వచ్చిన మనిషికి మీ మెసేజ్ మరో భారంగానే కనిపిస్తుంది. దీన్ని సమర్థించడం లేదు. కొత్తవారికి నేర్పని టీమ్‌ను నేను మంచి టీమ్ అని ఎప్పటికీ అనను. అయినా మీ చుట్టూ ఉన్నవారిలో తీరిక లేనివారెవరో, కోడ్ తమకే సరిగ్గా తెలియక అది బయటపడుతుందని తప్పించుకునేవారెవరో, తెలిసీ చెప్పనివారెవరో మీరు గుర్తించాలి. నా అనుభవంలో రెండో కోవకు చెందినవారు మనం అనుకునేదానికంటే ఎక్కువ. బయటికి ముగ్గురి మౌనమూ ఒకేలా ఉంటుంది గాని, బాగా తయారు చేసిన ప్రశ్న ఒకటి ముందు పెడితే తేడా తెలిసిపోతుంది. తీరిక లేనివారు వెంటనే జవాబిస్తారు, తెలియనివారు ‘ఏదీ, కలిసి చూద్దాం’ అని దగ్గరికొస్తారు, మూడో కోవవారు అప్పటికీ పలకరు.

బాగా తయారు చేసిన ప్రశ్న అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. రిఫండ్ సర్వీసు రద్దీ వేళల్లో ఆగిపోతోందని మీకు టికెట్ వచ్చిందనుకోండి. లాగ్‌లో పొడవాటి స్టాక్ ట్రేస్ (ఎర్రర్ వచ్చేసరికి ఏ కోడ్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) ఉంది. చాలామంది దాని మొదటి నాలుగు వరుసలు స్క్రీన్‌షాట్ తీసి ‘అన్నా, ఈ ఎర్రర్ వస్తోంది’ అని పంపి ఎదురుచూస్తారు. జావాలో అసలు కారణం సాధారణంగా అడుగున, ‘కాజ్డ్ బై’ అని మొదలయ్యే చివరి వరుసలో ఉంటుంది. అక్కడికి వెళ్ళి, దాని కింద మీ కంపెనీ ప్యాకేజీ పేరుతో కనిపించే మొదటి వరుస ఏదో చూడాలి. అక్కడ ‘కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్’ అని, పక్కన 30000 మిల్లీసెకన్లు అని ఉందనుకుందాం. ఆ మాట అన్నది డేటాబేస్ కాదు, హికారీ అనే కనెక్షన్ పూల్, అంటే డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచి అడిగిన కోడ్‌కు అరువిచ్చే లైబ్రరీ. సెట్టింగులు మార్చకపోతే ఆ పూల్‌లో గరిష్ఠంగా 10 కనెక్షన్లుంటాయి. పదీ వాడకంలో ఉన్నప్పుడు వచ్చిన పదకొండో అభ్యర్థన 30 సెకన్లు ఎదురుచూసి, అప్పటికీ కనెక్షన్ దొరక్కపోతే ఈ ఎర్రర్‌తో వెనుదిరుగుతుంది. ఈ రెండు అంకెలూ హికారీ డాక్యుమెంటులో ఉన్నాయి, ఎవరినీ అడగనక్కర్లేదు. ఇప్పుడు మీరు తేల్చుకోవలసింది ఆ పది కనెక్షన్లనూ ఏ కోడ్ పట్టుకుని కూర్చుందన్నది ఒక్కటే.

అది సీనియరుకు కూడా చూడకుండా తెలియదు, నడుస్తున్న ప్రోగ్రామునే అడగాలి. టెస్ట్ సర్వర్ మీద రద్దీ సృష్టించి, జావాతో వచ్చే జేస్టాక్ అనే సాధనంతో కొద్ది సెకన్ల తేడాలో మూడు థ్రెడ్ డంపులు (ఆ క్షణంలో ప్రతి థ్రెడ్ ఏ వరుస దగ్గర ఉందో చూపే జాబితాలు) తీసి పక్కపక్కన పెట్టుకుంటే, మూడింటిలోనూ ఒకే వరుస దగ్గర నిలబడిపోయిన థ్రెడ్లు కనిపిస్తాయి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, ప్రస్తుత కనెక్షన్ల స్థితి చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీ వ్యూలో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అన్న స్థితితో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టవచ్చు. ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అన్న డేటాబేస్ పనుల కట్ట) తెరిచి, ఏ పనీ చెప్పకుండా వదిలేసిన కనెక్షన్లు అవే. హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ అనే సెట్టింగు ఉంది. దానికి ఇవ్వగలిగిన అతి తక్కువ విలువ 2000 మిల్లీసెకన్లు. అది పెట్టుకుంటే, అంతకంటే ఎక్కువసేపు తిరిగి ఇవ్వని కనెక్షన్‌ను కోడ్‌లో ఏ వరుస తీసుకుందో లాగ్‌లో రాసి చూపిస్తుంది. ఇలా వెతికినప్పుడు తరచుగా బయటపడే కారణం, ట్రాన్సాక్షనల్ అని గుర్తు పెట్టిన మెథడ్ లోపలి నుంచే బయటి పేమెంట్ గేట్‌వేకు కాల్ వెళ్ళడం. గేట్‌వే ఐదు సెకన్లు ఆలస్యం చేస్తే ఆ ఐదు సెకన్లూ ఒక కనెక్షన్ పనీపాటా లేకుండా ఇరుక్కుపోతుంది.

ఇక్కడ ఎవరో ఒకరు ‘పూల్ సైజు 50 చెయ్, సరిపోతుంది’ అంటారు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా అనుమతించే మొత్తం కనెక్షన్లు 100. మీ సర్వీసు మూడు కాపీలుగా నడుస్తుంటే ఒక్కొక్కటీ 50 అడిగితే 150 అవుతుంది, రద్దీ పెరిగిన రోజున అదే డేటాబేస్‌ను వాడే మిగతా సర్వీసులు కూడా పడిపోతాయి. ఈ లెక్క మీరే వేసి చూపగలిగితే, టీమ్‌లో మీ మాటకు విలువ రావడం ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ఇంతవరకు వచ్చాక మాత్రమే మనిషిని అడగవలసింది మిగులుతుంది. మెసేజ్ ఇలా ఉండవచ్చు (ఇందులో పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్, మీ మార్పును చూసి కోడ్‌లో కలపమని పంపే అభ్యర్థన): “అన్నా, రిఫండ్ టికెట్ గురించి రెండు నిమిషాలు కావాలి. రద్దీలో పూల్‌లోని 10 కనెక్షన్లూ అయిపోతున్నాయి. మూడు థ్రెడ్ డంపుల్లోనూ థ్రెడ్లు గేట్‌వే కాల్ దగ్గరే ఆగి ఉన్నాయి, ఆ కాల్ ట్రాన్సాక్షన్ లోపల ఉంది. ముందు పెండింగ్ అని సేవ్ చేసి, గేట్‌వే జవాబు వచ్చాక వేరే ట్రాన్సాక్షన్‌లో అప్‌డేట్ చేద్దామనుకుంటున్నాను. కాల్‌ను లోపలే ఉంచడానికి బిజినెస్ వైపు నుంచి ఏదైనా కారణం ఉందా? లేదంటే రేపు మధ్యాహ్నం పీఆర్ పెడతాను.” దీనికి జవాబివ్వడానికి సీనియర్ మీ లాగ్ తెరవనక్కర్లేదు, ల్యాప్‌టాప్ ముందు కూర్చోనక్కర్లేదు. ‘లేదు, తీసెయ్’ అనో, ‘ఆగు, పాత రీకన్సిలియేషన్ జాబ్ (లెక్కలు సరిపోల్చే ప్రోగ్రాము) పెండింగ్ స్టేటస్‌ను చదవదు’ అనో ఫోన్‌లోంచే చెప్పగలరు. ఆ రెండో జవాబులో ఉన్నదే మీకు ఏ డాక్యుమెంటులోనూ దొరకని జ్ఞానం. చివరి వాక్యం వల్ల వారు పలకకపోయినా మీ పని ఆగదు. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. డబ్బు లెక్కలు, డేటాబేస్ స్కీమా, ప్రొడక్షన్ డేటా విషయంలో మౌనాన్ని ఎప్పుడూ అంగీకారంగా తీసుకోకండి. అక్కడ పీఆర్ వరకు వెళ్ళి ఆగి, రాతపూర్వకమైన అనుమతి వచ్చాకే ముందుకు సాగండి.

ఈ మార్పు చేసేటప్పుడు స్ప్రింగ్‌లో ఒక పేరుమోసిన గుంట ఉంది, చెప్పకుండా వదలలేను. రెండో ట్రాన్సాక్షన్ కోసం రాసిన మెథడ్‌ను అదే క్లాసులో పెట్టి, అదే క్లాసులోని మరో మెథడ్ నుంచి నేరుగా పిలిస్తే, దాని మీద పెట్టిన ట్రాన్సాక్షనల్ గుర్తు మామూలు సెట్టింగుల్లో పనిచేయదు. స్ప్రింగ్ ఆ పనిని క్లాసు బయట నిలబెట్టిన ప్రాక్సీ (మధ్యవర్తి) ద్వారా చేయిస్తుంది, లోపలి పిలుపు ఆ ప్రాక్సీ గుండా వెళ్ళదు. కోడ్ కంపైల్ అవుతుంది, ఎర్రర్ రాదు, కాని మీరనుకున్న ట్రాన్సాక్షన్ మొదలుకాదు. ఇలాంటివి స్ప్రింగ్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంటాయి. వీడియో కోర్సులకు పెట్టే సమయంలో సగం ఆ డాక్యుమెంటేషన్‌కు పెట్టమని నేను ఎవరికైనా చెబుతాను.

చేయి పట్టి నడిపించేవారు లేనప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది గిట్ చరిత్రను. వింతగా కనిపించిన ప్రతి వరుస వెనుకా ఎప్పుడో ఒక సమస్య ఉండి ఉంటుంది. గిట్ బ్లేమ్ ఆ వరుసను చివరిసారి ఎవరు, ఏ కమిట్‌లో (గిట్‌లో ఒకసారి నమోదు చేసిన మార్పులో) మార్చారో చూపిస్తుంది. అది కేవలం స్పేసులు సర్దిన కమిట్ అయితే, స్పేసుల తేడాలను పక్కన పెట్టే డబ్ల్యూ ఆప్షన్ ఇచ్చి మళ్ళీ చూడాలి. ఒక పేరుగాని అంకెగాని కోడ్‌లోకి మొదట ఎప్పుడు వచ్చిందో తెలియాలంటే గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి ఆ పదాన్ని వెతకాలి. కమిట్ మెసేజ్‌లో జిరా (టికెట్లు నమోదు చేసే సాధనం) నంబర్ ఉంటే ఆ టికెట్ తెరిచి కింది కామెంట్లన్నీ చదవండి. మీకు ఎవరూ చెప్పని కథ తరచుగా అక్కడ, కంపెనీ వదిలి వెళ్ళిపోయిన మనుషుల మాటల్లో ఉంటుంది. ‘పోయిన నెల పనిచేసింది, ఇప్పుడు చేయడం లేదు’ అన్న బగ్ వస్తే గిట్ బైసెక్ట్ వాడండి. అది ప్రతిసారీ సగానికి సగం తగ్గిస్తూ వెళ్తుంది కాబట్టి, వెయ్యి కమిట్ల మధ్య దాగిన తప్పును కూడా పది పరీక్షల్లో పట్టిస్తుంది.

డేటాబేస్ విషయంలోనూ ఇంతే. నెమ్మదిగా నడుస్తున్న క్వెరీని ఎవరికో చూపించే ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నడిపి, ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే డేటాబేస్ భాగం) వేసిన అంచనాకూ నిజంగా వచ్చిన వరుసల సంఖ్యకూ తేడా ఎక్కడ ఎక్కువగా ఉందో చూడండి. ఆ ఆదేశం క్వెరీని నిజంగానే నడుపుతుందని మాత్రం మరవకండి. అప్‌డేట్, డిలీట్ వంటివాటికి ట్రాన్సాక్షన్ తెరిచి, చూసిన తరువాత రోల్‌బ్యాక్ చేయాలి, అంటే మార్పులను వెనక్కి తీసుకోవాలి.

అయితే ఒంటరిగా తవ్వుతూ రోజులు గడపడం కూడా తప్పే. గంట, గంటన్నర పాటు కొత్త విషయం ఏదీ తెలియకుండా తిరిగిన చోటే తిరుగుతుంటే, అప్పటివరకు చూసింది రాసి అడిగేయాలి. వ్యక్తిగత మెసేజ్‌గా కాకుండా టీమ్ ఛానల్‌లో అడగడం మేలు. ఒకరి మౌనం మిమ్మల్ని ఆపదు, పక్క టీమ్‌వారైనా పలకవచ్చు, పైగా మీరు ఎప్పుడు ఏమి అడిగారో తేదీతో సహా ఉంటుంది. స్టాండప్‌లోనూ ‘ఇంకా చేస్తున్నాను’ అనకుండా, ‘కారణం దొరికింది, గేట్‌వే కాల్ ట్రాన్సాక్షన్ లోపల ఉంది, నిన్న మధ్యాహ్నం ఛానల్‌లో ఒక ప్రశ్న పెట్టాను, దాని జవాబు కోసం చూస్తున్నాను’ అని చెప్పండి. ఎవరి మీదా ఫిర్యాదు లేకుండానే పని ఎక్కడ ఆగిందో లీడ్‌కు అర్థమవుతుంది. అందరి ముందు మిమ్మల్ని అడిగే ప్రశ్న స్వరూపం కూడా మెల్లగా మారుతుంది.

రివ్యూల గురించి మీరు రాయలేదు గాని, సాయం అందని టీమ్‌లో అవి కూడా అలాగే ఉంటాయని ఊహించగలను. వారం పాటు ఎవరూ చూడని పీఆర్, తరువాత ఒక్కసారిగా ‘మార్చు’ అన్న కామెంట్లు. గూగుల్ అందరికీ తెరిచి ఉంచిన కోడ్ రివ్యూ మార్గదర్శకాల్లో రివ్యూ అభ్యర్థనకు స్పందించడానికి గరిష్ఠ గడువు ఒక పనిదినం అని ఉంది, చిన్న మార్పులే పంపమని కూడా ఉంది. మొదటిది మీ చేతిలో లేదు, రెండోది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. ఎనిమిది వందల వరుసల పీఆర్‌ను తీరిక లేని మనిషి వాయిదా వేస్తాడు, అరవై వరుసలదాన్ని టీ తాగుతూ చూసేస్తాడు. ‘మార్చు’ అని మాత్రమే రాసినచోట, మార్చిన తరువాత ‘ఇలా మార్చాను, దీనికి కారణం ఫలానా అనుకుంటున్నాను, సరైనదేనా’ అని అక్కడే రాయండి. తప్పుగా ఊహిస్తే సరిదిద్దడానికైనా పలుకుతారు. ఇతరుల పీఆర్‌లను కూడా చదవండి. ఆమోదించే హక్కు లేకపోయినా చదవడానికి అడ్డేమీ లేదు, సీనియర్ ఏ సమస్యను ఏ వరుసతో దాటాడో కళ్ళారా చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోయినప్పుడు జరిగే కాల్‌లో మ్యూట్‌లో కూర్చోవడానికి అనుమతి అడగండి. అనుభవం ఉన్నవారు మొదట ఏ గ్రాఫ్ తెరుస్తారు, దేన్ని నమ్మరు, ఎప్పుడు రోల్‌బ్యాక్ చేస్తారు అన్నది అరగంటలో తెలుస్తుంది. నేర్పడానికి తీరిక లేనివారు కూడా ఆ అరగంటలో తెలియకుండానే నేర్పుతారు.

తెలుసుకున్నదాన్ని మీ సొంత నోట్స్‌లో దాచుకోకుండా టీమ్ వికీలో పెట్టండి. రిఫండ్ సర్వీసు లోకల్‌లో ఎలా నడపాలి, ఏ ఎర్రర్‌కు ఎక్కడ చూడాలి వంటి చిన్న పేజీలు చాలు. మూడు నెలల్లో ఆ పేజీల కోసం మీ దగ్గరికే వస్తారు, అప్పటివరకు పలకనివారు కూడా ఇచ్చిపుచ్చుకునే ధోరణికి వస్తారు.

చాట్‌జీపీటీ, కోపైలట్ వంటివి వాడవచ్చా అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. కంపెనీ అనుమతించిన వాటినే, అనుమతించిన మేరకే వాడండి, క్లయింట్ కోడ్‌ను సొంత ఖాతాలో అతికించడం ఉద్యోగానికే ముప్పు. స్టాక్ ట్రేస్ అర్థం, లైబ్రరీ ప్రవర్తన వంటి మొదటి రకం ప్రశ్నలకు అవి బాగా పనికొస్తాయి, చెప్పినదాన్ని డాక్యుమెంటులో సరిచూసుకోవాలి. మీ ప్రాజెక్టు నిర్ణయాల వెనుక కారణాలు వాటికి తెలిసే అవకాశం లేదు.

మంచి ఇంజనీర్లు ఎలా వాదించుకుంటారో చూడటం మీ టీమ్‌లో కుదరకపోతే బయట చూడండి. పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో బీట్రీ ఇండెక్సుల ఫోల్డర్‌లో ఉన్న రీడ్‌మీ ఫైలు, స్ప్రింగ్ గిట్‌హబ్ ఇష్యూల్లోని చర్చలు అందరికీ తెరిచే ఉన్నాయి. నెలకు ఒకటి కుదురుగా చదివినా మీ ఆలోచనలో తేడా వస్తుంది. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి పైథాన్ యూజర్ గ్రూప్ వంటి వాటి మీటప్‌లకు వెళ్ళండి. భాష వేరైనా ఫరవాలేదు, మీ పని గురించి ఆసక్తితో వినే ఒక సీనియర్ పరిచయమైతే చాలు.

ఇక మేనేజరుతో మాట్లాడటం. ‘ఎవరూ సాయం చేయడం లేదు’ అని చెబితే అది ఫిర్యాదుగానే మిగులుతుంది. ‘గత నెలలో ఈ మూడు టికెట్లలో ఇన్ని రోజులు జవాబుల కోసం ఆగాను, వారానికి అరగంట ఫలానా వారితో సమయం ఇప్పిస్తే ఈ ఆలస్యం తగ్గుతుంది’ అని తేదీలతో చెబితే, వారు అవుననో కాదనో అనక తప్పదు. ఆ జవాబు మీ తరువాతి నిర్ణయానికి ఆధారమవుతుంది.

పైన చెప్పినదంతా సాయం చేయనివారి గురించే గాని, అవమానించేవారి గురించి కాదు. మీ పని తమ పేరుతో చూపించడం, వారు చేసిన తప్పు మీ మీద రుద్దడం, అందరి ముందు తిట్టడం జరుగుతుంటే తేదీలతో రాసి పెట్టుకుని హెచ్‌ఆర్‌కు మెయిల్ రూపంలో ఇవ్వండి. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి, సాధారణంగా ఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. మహిళా ఇంజనీర్లకు దీన్ని ఇండక్షన్‌లో హడావుడిగా చదివి వినిపించి వదిలేస్తారు కాబట్టి ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను.

రాజీనామా విషయానికి వస్తే, ఇప్పుడే వద్దు, అలాగని గడువు లేకుండా ఉండవద్దు. పైన చెప్పిన పద్ధతిలో ప్రశ్నలు అడుగుతూ, మేనేజరుతో ఒకసారి మాట్లాడి, మరో నాలుగు నెలలు చూడండి. ఆ గడువు చివర రెండు విషయాలు పరిశీలించండి. మొదటిది, రెండో రకం ప్రశ్నలకు ఇప్పటికైనా ఎవరో ఒకరు జవాబిస్తున్నారా? ఒక్కరు చాలు. రెండోది, మీకు వస్తున్న టికెట్లు మారాయా, లేక ఇంకా లేబుల్ మార్చడం, కాపీ పేస్ట్ టెస్టులు రాయడమేనా? రెండింటికీ జవాబు ‘లేదు’ అయితే ఆ టీమ్‌లో మీ సొంత శ్రమతో నేర్చుకోగలిగింది అయిపోయినట్టే, అక్కడ మరో ఏడాది ఉంటే అనుభవం రెజ్యూమెలో మాత్రమే పెరుగుతుంది. అప్పుడు ముందు అదే కంపెనీలో వేరే ప్రాజెక్టుకు మారే దారి అడగండి, అది నోటీస్ పీరియడ్ లేని మార్పు. కుదరకపోతే బయట వెతకండి. చాలా సర్వీస్ కంపెనీల్లో నోటీసు 60 నుంచి 90 రోజులు ఉంటుంది కాబట్టి, చేరేనాడు సంతకం చేసిన ఆఫర్ లెటర్ తీసి గడువు ఎంతో, బాండ్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. కొత్త చోట ఇంటర్వ్యూ ముగిసే ముందు ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా’ అని అడిగినప్పుడు, కొత్తగా చేరినవారి మొదటి పీఆర్‌ను ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో చూస్తారు అని అడగండి. పేరుతో, ఉదాహరణతో జవాబు చెప్పగలిగిన టీమ్‌ను ఎంచుకోండి, జీతం కొద్దిగా తక్కువైనా సరే.